జూన్ నోటీసు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హెడ్మిస్ట్రెస్ అయిన మొదటి వేసవిలోనే నీ మీద ఇంత పని పడింది. తొమ్మిదో తరగతి మగపిల్లలు బూట్ల గురించి కొట్టుకోవడం, ఒకడి పెదవి చిట్లడం, రెండు ఇళ్లవాళ్లూ ఆఫీసు గదిలో కూర్చుని అరుచుకోవడం అన్నీ చదివాను. ఇక మీదట బ్రాండెడ్ వస్తువు ఏదీ బడి గేటు దాటకూడదని, బడి తెరిచేలోపు నోటీసు తయారు కావాలని కరస్పాండెంట్ గారు అన్నారని రాశావు. నువ్వు జతచేసిన ముసాయిదా మూడుసార్లు చదివాను. నైకీ, అడిడాస్, ప్యూమా అని పేర్లు వరసగా రాసి, ఇవి వేసుకొస్తే తీసేసుకుంటాం, రెండోసారికి ఫైన్ వేస్తాం అన్నావు. ఆ కాగితం పక్కన పెట్టు తల్లీ.

నీకు ఇంతవరకూ చెప్పని ఒక సంగతి చెప్తాను. నేను ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉన్న రోజులవి. నల్ల బూట్లే వేసుకోవాలని రూలు. ఒక సోమవారం అసెంబ్లీలో ఒక పిల్లవాడు తెల్లగా మెరిసిపోతున్న స్పోర్ట్స్ బూట్లతో నిలబడ్డాడు. ప్రతిజ్ఞ చెప్తున్నంతసేపూ వరసలో ఉన్న పిల్లల చూపంతా వాడి కాళ్ల మీదే. నాకు కోపం వచ్చింది. ముందుకు పిలిచి, అందరి ఎదుట బూట్లు విప్పమన్నాను. విప్పితే లోపలి నుంచి దూది ఉండలు బయటపడ్డాయి. పిల్లలు గొల్లున నవ్వారు. బూట్లు సాయంత్రం దాకా స్టాఫ్ రూంలో నా బల్ల కింద పెట్టాను. చివరి బెల్లు కొట్టాక ఇస్తే తీసుకున్నాడు కానీ వేసుకోలేదు. చేత్తో పట్టుకుని ఉత్త కాళ్లతో ఇంటికి పోయాడు. మూడు రోజులు బడికి రాలేదు.

నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. మన రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్లో ఉంటారని నీకు తెలుసు. వాళ్ల నాన్న మూడేళ్ల తర్వాత సెలవు మీద వచ్చాడు. కొడుకు కాలు ఎంత పెరిగి ఉంటుందో తెలియక అంచనాగా కొన్నాడు, అవి ఒక సైజు పెద్దవయ్యాయి. పిల్లవాడు ఆ మాట తండ్రికి చెప్పలేదు. ముందు భాగంలో దూది కుక్కుకుని బడికి వచ్చాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టీ ఇచ్చి, "మాకు రూలు తెలీదు మేడం" అన్నాడు. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు. పిల్లవాడు తర్వాత బడికి వచ్చాడు, పదో తరగతి పాసయ్యాడు, కానీ నా ఎదుట తలెత్తి మాట్లాడింది లేదు.

అందుకని రూలే వద్దనడం లేదు. రూలు కావాలి. బూట్ల ధరను బట్టి స్నేహాలు కుదిరే తరగతిలో పాఠం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ రూలు ఎవరి మీద పనిచేస్తుందో ముందు చూడు.

కంపెనీ పేర్లు రాస్తే మొదట దొరికేది ఎవరనుకుంటున్నావు? డబ్బున్న ఇంట్లో ఆ బూట్లు తీసేస్తే వేరే జత ఉంటుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, మీ ఊరి సంత పక్కనో తోపుడు బండి మీద అవే గుర్తులున్న డూప్లికేట్ జతలు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిని ‘ఫస్ట్ కాపీ’ అంటారని మీ పిల్లలకు బాగా తెలుసు. కూలికి వెళ్లే తల్లి కొడుకును సంతోషపెడదామని అలాంటి జత కొంటుంది. రేపు నువ్వు ఆ బూట్లు పట్టుకుని ఇది బ్రాండా, కాదా అని అడిగావనుకో, పిల్లవాడు రెండు వైపులా చిక్కుకుంటాడు. బ్రాండే అంటే శిక్ష, కాదంటే తరగతిలో నవ్వులు. కంపెనీ పేర్లలో అక్షరం తేడా కనిపెట్టి ఏడిపించడంలో తొమ్మిదో తరగతి పిల్లలు ఎంత గట్టివాళ్లో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నువ్వు గుర్తులు వెతకడం మొదలుపెడితే వాళ్లు ఇంకా ఎక్కువ వెతుకుతారు.

కాబట్టి నోటీసులో ఏది వద్దో రాయకు, ఏది కావాలో రాయి. "సాదా నల్ల బూట్లు, లేసులవి గానీ అంటించే పట్టీవి గానీ. ఏ షాపులోవైనా సరే. పాతవైనా, అన్నవో అక్కవో అయినా సరే." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే కొత్త సంవత్సరానికి కొత్త బూట్లే కొనాలేమోనని కొందరు అప్పు చేస్తారు. బ్యాగుకు రంగు, గుర్తు ఏ షరతూ పెట్టకు, పుస్తకాలు పడితే చాలు. వాచీ గురించి ఒక్క మాట చాలు: ఫోన్ మోగే వాచీ వద్దు.

ఇప్పుడు కష్టమైన మాటకు వస్తున్నాను. మీ బడిలో అన్నిటికంటే ఖరీదైన బ్రాండు ఏదో తెలుసా? మీ బడిదే. చొక్కా జేబు మీద బడి గుర్తు, బెల్టు బకిల్ మీద బడి పేరు, టై మీద, సాక్సు అంచు మీద, శనివారం హౌస్ టీషర్టు వెనకాల కూడా బడి పేరు. ఇవన్నీ ఒక్క షాపులోనే దొరుకుతాయి. మీ యూనిఫాం గళ్ల గుడ్డ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు. పిల్లవాడు తెచ్చిన బ్రాండును గేటు దగ్గర ఆపి, మన బ్రాండును వాడి ఒంటి నిండా తొడిగితే తల్లిదండ్రులకు మన మాట ఎక్కుతుందా?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండ్‌లో ‘బ్రాండెడ్ యూనిఫాం’ అంటే బడి గుర్తు కుట్టిన బట్ట అనే అర్థం. అక్కడ యూనిఫాం ఖర్చు గురించే 2021లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. గుర్తున్న వస్తువులు వీలైనంత తగ్గించమని, పాత యూనిఫాం తల్లిదండ్రులకు దొరికేలా చూడమని దాని కింద బడులకు మార్గదర్శకాలు ఇచ్చారు. మన దగ్గర సీబీఎస్‌ఈ 2017 ఏప్రిల్‌లోనే తన బడులకు సర్క్యులర్ పంపింది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు బడి ఆవరణలోనో, చెప్పిన షాపులోనో కొనమని ఒత్తిడి చేయొద్దని చెప్పింది. మీది స్టేట్ సిలబస్ కావచ్చు, అయినా ఆ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకో, పనికొస్తుంది.

కరస్పాండెంట్ గారితో ఈ మాట మీటింగులో ఎత్తకు. నలుగురి ముందు షాపు పేరెత్తితే ఆయన పట్టుదలకు పోతారు. ఒక్కదానివే వెళ్లు. వెళ్లే ముందు ఒక పని చెయ్యి. మీ బజారులో ఆరో తరగతి పిల్లకు సరిపడా గుడ్డ కొని, మీ వీధి టైలర్ దగ్గర ఒక జత కుట్టించు. నీ చేతి డబ్బే పెట్టు. ఆ జత, షాపు జత రెండూ బిల్లులతో సహా ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టు. నువ్వేమీ వాదించక్కర్లేదు, బిల్లులు చూసుకోనివ్వు. తర్వాత అడుగు: రంగు నేవీ బ్లూ, తెలుపు లాంటిది పెడదాం, ఎక్కడైనా దొరుకుతుంది. బడి గుర్తు మాత్రం జేబుకు కుట్టుకునే బ్యాడ్జిగా ఆఫీసులోనే అసలు ధరకు ఇద్దాం. చొక్కా పొట్టిదైతే బ్యాడ్జి విప్పి కొత్త చొక్కాకు కుట్టుకుంటారు. ఇప్పుడు గళ్ల గుడ్డ కొనుక్కున్నవాళ్లకు రెండేళ్లు గడువిద్దాం. ఒకేసారి మారిస్తే మనం తగ్గించాలనుకున్న ఖర్చే మళ్లీ వాళ్ల నెత్తిన పడుతుంది.

ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కనీసం బెల్టు, సాక్సు మీద పేరు తీసేయించు. అది కూడా చిన్న సాయమేమీ కాదు. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకు ఇచ్చే ఇరవై ఐదు శాతం సీట్లలో వచ్చిన పిల్లలు మీ బడిలోనూ ఉన్నారు కదా. సీటు దొరికిందన్న సంతోషం యూనిఫాం బిల్లు చూసేదాకానే ఉంటుంది కొన్ని ఇళ్లలో. వీధి చివర ప్రభుత్వ బడిలో పిల్లలకు ప్రభుత్వమే బట్టలు, బూట్లు, బ్యాగు ఇస్తోంది. అక్కడ అందరి కాళ్లకూ ఒకే రకం బూట్లు. తరగతి మొత్తం ఒకే రకంగా ఉంటే పోల్చుకునే బాధ ఎంత తగ్గుతుందో ఒకసారి వెళ్లి చూసి రా.

ఇక రూలు తప్పిన పిల్లల్ని ఏం చెయ్యాలన్నది. ఫైన్ వద్దు, వస్తువు తీసేసుకోవడం వద్దు, అసెంబ్లీలో మాట అనడం అసలే వద్దు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం 2009లో వచ్చింది. నేను ఆ బూట్లు విప్పించిన రోజున అది లేదు, కానీ చట్టం చెప్తే తప్ప తెలియని విషయమా అది? క్లాస్ టీచర్ ఒక్కరే, ఇంటర్వెల్‌లో, పక్కకు పిలిచి అడగాలి. మొదటి ప్రశ్న "ఇవెందుకు వేసుకొచ్చావు" అని కాదు, "మిగతా జత ఏమైంది" అని. సగం సార్లు తడిసిందనో, తెగిందనో, తమ్ముడు వేసుకుపోయాడనో చెప్తారు. మాట్లాడాల్సింది ఉంటే పెద్దవాళ్లతో ఫోన్లో మాట్లాడండి, డైరీలో ఎర్ర సిరాతో రాయొద్దు. ఆఫీసు బీరువాలో నాలుగైదు సైజుల్లో పాత నల్ల బూట్లు, రెండు మూడు చొక్కాలు ఉంచు. పదో తరగతి పిల్లలు వెళ్లిపోయేటప్పుడు అడిగితే ఇస్తారు. ఉతికి, ఇస్త్రీ చేయించి పెట్టు. మాసినవి ఇస్తే ఎవరూ ముట్టుకోరు.

మినహాయింపులు ముందే రాసిపెట్టు, లేకపోతే ప్రతిసారీ నీ గదికి పంచాయితీ వస్తుంది. పరుగుపందేలకు వెళ్లే పిల్లలకు మంచి బూట్లు కావాలి. పీఈటీ సారు చెప్పినవి ఆటల పీరియడ్‌లో వేసుకోనీ, అవి ఏ కంపెనీవో ఎవరూ అడగొద్దు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వస్తారు. కాలికి పుండు ఉన్నవాళ్లు హవాయి చెప్పులతోనే వస్తారు. పుట్టినరోజు కలర్ డ్రెస్ కూడా తీసేయాలని నీ ముసాయిదాలో ఉంది. అది నాకు నచ్చలేదు. చాలామంది పిల్లలకు ఏడాదికి ఒక్క కొత్త గౌను వస్తుంది, దాన్ని బడికి వేసుకు రావాలన్న ఆశ తప్పు కాదు. అయితే ఆ రోజు టీచర్లు "ఎంతకు కొన్నారు, ఎక్కడ కొన్నారు" అని అడగకూడదు. ఇది మీ స్టాఫ్‌కు గట్టిగా చెప్పాల్సిన మాట. ఖరీదైన వాచీ చూసి "అబ్బ, ఏ కంపెనీ రా?" అని మనమే అంటాం, తర్వాత పిల్లలకు బ్రాండ్ల పిచ్చి పట్టిందని మనమే బాధపడతాం.

ఆ కొట్టుకున్న ఇద్దరు పిల్లల్నీ నోటీసు వచ్చేలోపే విడివిడిగా పిలిచి మాట్లాడు. ఆ గొడవ వల్లే ఈ రూలు వచ్చిందని తరగతిలో తెలిస్తే ఏడాదంతా వాళ్ల పేరే దానికి అంటుకుంటుంది.

ముసాయిదా మళ్లీ రాసి పంపు, ఒక పేజీ దాటకుండా, తెలుగులో. బడి డైరీలో ఇంగ్లీషులో వేస్తే చదవలేని తల్లులే ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, కూర్చుని వాక్యం వాక్యం చూద్దాం. గుడ్డ కొన్నాక మీటరు ధర ఎంతో కూడా చెప్పు.

ఆశీస్సులతో,
నీ టీచర్