బండి బాడీయే సగం యాంటెన్నా

ప్రశ్న (కొంపల్లి నుంచి ఒక పాఠకుడు): సార్, నాది త్రీ డోర్ థార్, పైన ఫైబర్ హార్డ్‌టాప్. వెనక స్టెప్నీ బ్రాకెట్‌కి నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా బిగించి సీబీ రేడియో (సిటిజన్స్ బ్యాండ్, అంటే 27 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్స్ లేకుండా మాట్లాడుకునే రేడియో) పెట్టించాను. బండ్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు మా గ్రూపులో అందరికీ నా మాట బాగానే వినిపిస్తుంది. మొన్న అనంతగిరి వైపు వెళ్తే అర కిలోమీటరు దాటగానే ముక్కలు ముక్కలైపోయింది. అదే మోడల్ రేడియో ఉన్న మా ఫ్రెండ్ జిప్సీ మాత్రం అదే దారిలో రెండు, మూడు కిలోమీటర్ల వరకు పలుకుతోంది. మీటర్ పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది) ఒకటో చానెల్‌లో 2.8, పద్నాలుగులో 3, ఇరవై ఏడులో అంతకంటే ఎక్కువ. యాంటెన్నా కొసన ఉన్న స్క్రూ ఎటు తిప్పినా పెద్ద తేడా లేదు. యాంప్లిఫయర్ పెట్టుకుంటే సరిపోతుందని ఒకరు చెప్పారు. పెట్టించనా?

జవాబు: వద్దండీ, దాని జోలికి వెళ్లకండి. మొదటిది, మన దగ్గర ఈ బ్యాండ్‌లో 5 వాట్లు దాటకూడదు. రెండోది, పవర్ నాలుగు రెట్లు పెంచితే గానీ అవతలి రేడియోలో సిగ్నల్ ముల్లు ఒక్క గీత పైకి లేవదు. పైగా యాంప్లిఫయర్ మీ మాటను కాస్త గట్టిగా పంపుతుందేమో గానీ, అవతలివాళ్ల మాట మీకు వినిపించడానికి ఏమీ చేయదు. మీ జబ్బు యాంటెన్నా దగ్గర ఉంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే యాంటెన్నా కింద ఉంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క, కొసన స్క్రూ తిప్పినా తేడా లేదన్న మాట. ఆరోగ్యంగా ఉన్న యాంటెన్నాలో ఆ స్క్రూ కొద్దిగా కదిపితేనే మీటర్ ముల్లు కదులుతుంది. కదల్లేదంటే కరెంటు ఆ కడ్డీలోకి సరిగా వెళ్లడం లేదు, వేరే దారి పట్టింది. ఆ దారి ఎక్కువగా కేబుల్ పైపొర. దీన్ని తేల్చుకోవడం తేలిక. ఫ్రెండ్‌ని రెండు, మూడు సెకన్ల పాటు మైక్ నొక్కమని, మీరు సీటు పక్కన కేబుల్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరపండి. ముల్లు ఊగిందా, మీ కేబులే యాంటెన్నాలా పనిచేస్తోందన్నమాట. ఆ సమయంలో యాంటెన్నా కడ్డీని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఎస్‌డబ్ల్యూఆర్ 3 దగ్గర పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కి తిరిగొస్తుంది, కాబట్టి ఈ పరీక్షల్లో మైక్ ఎక్కువసేపు నొక్కి పెట్టకండి, రేడియో లోపలి ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది.

కరెంటు ఎందుకలా దారి తప్పుతుందంటే, 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. పావు తరంగం యాంటెన్నా కావాలంటే 2.7 మీటర్ల కడ్డీ ఉండాలి. మీ నాలుగడుగుల దాంట్లో ఆ లోటు పూడ్చడానికి కడ్డీ చుట్టూ తీగ చుట్టి ఉంటుంది. ఇలాంటి ఏ యాంటెన్నాకైనా రెండో సగం కావాలి, ఆ రెండో సగం బండి ఇనప బాడీయే. కడ్డీ పొట్టిదయ్యే కొద్దీ బాడీ మీద ఆధారపడడం పెరుగుతుంది. ఇప్పుడు మీ బండిలో చూడండి, పైకప్పు ఫైబర్, అంటే రేడియో లెక్కలో అక్కడ ఏమీ లేనట్టే. స్టెప్నీ బ్రాకెట్ వెనక డోర్‌కి ఉంది, ఆ డోర్ బాడీకి తగిలేది కీళ్ల దగ్గర మాత్రమే, ఆ కీళ్లలో పెయింటూ గ్రీజూ. బ్రాకెట్ మీద పౌడర్ కోటింగ్ ఉంటే అది కూడా కరెంటును ఆపేదే. చూడ్డానికి అంతా ఇనుమే, కానీ మీ యాంటెన్నాకి బాడీ ఎర్త్ అందడం లేదని నా గట్టి అనుమానం.

మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో అన్నిటికంటే చిన్న రేంజికి పెట్టండి. ముందు దాని రెండు వైర్ల కొసలనున్న ముళ్లూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి, అది వైర్ల సొంత లెక్క, తర్వాత తీసేయాలి. ఒక ముల్లు బ్రాకెట్ మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి, వైరు అందకపోతే మామూలు తీగ ఒకటి కలుపుకోండి. ఒక ఓమ్ లోపు రావాలి. పది, ఇరవై చూపిస్తే దొంగ దొరికినట్టే. డోర్ తెరుస్తూ మూస్తూ అంకె మారుతుందేమో కూడా చూడండి. ఆ తర్వాత యాంటెన్నా కడ్డీ విప్పేసి, కేబుల్‌ని రేడియో నుంచి తీసి, ప్లగ్గు మధ్య పిన్నుకీ పైరింగుకీ మధ్య కొలవండి. అక్కడ అసలు కనెక్షన్ ఉండకూడదు. ఉంటే కేబుల్ ఎక్కడో నలిగింది, లేదా యాంటెన్నా అడుగున తెల్ల నైలాన్ వాషర్‌ని తప్పు చోట పెట్టారు. ఆ వాషర్ మధ్య బోల్టుని బ్రాకెట్‌కి తగలకుండా ఆపాలి. ఫిట్టింగ్ చేసేవాళ్లు ఇది తిరగేసి పెట్టిన బండ్లు చాలానే చూశాను.

ఎర్త్ లేదని తేలితే, బ్రాకెట్‌కి మౌంట్ తగిలే చోట ఎమరీ పేపర్‌తో పెయింట్ మొత్తం గీకి, మెరిసే ఇనుము కనపడేదాకా రుద్దండి. అరచేతంత అక్కర్లేదు, వాషర్ వెడల్పు చాలు. పళ్లున్న స్టార్ వాషర్ వేసి బిగించి, పైనుంచి గ్రీజు గానీ పెయింట్ గానీ పూయండి, లేకపోతే వచ్చే వానాకాలానికి తుప్పు పట్టి కథ మొదటికొస్తుంది. తర్వాత అల్లిన రాగి పట్టీ, మెకానిక్కులు ఎర్త్ పట్టీ అంటారు, బ్రాకెట్ నుంచి డోర్‌కి ఒకటి, కీలు దాటించి డోర్ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి ఛాసిస్‌కి ఒకటి వేయించండి. సన్న వైరు వేస్తే మల్టీమీటర్ సంతోషిస్తుంది గానీ రేడియో తరంగానికి వెడల్పూ పొట్టితనమూ కావాలి, అందుకే పట్టీయే వేయమంటున్నాను. డోర్ తెరిచినప్పుడు తెగకుండా కాస్త వదులుంచండి.

ఇదంతా అయ్యాకే ట్యూనింగ్. సెల్లార్‌లో కొలవకండి, పైన శ్లాబులో ఇనుము, చుట్టూ కార్లు, వచ్చే అంకెలు పనికిరావు. అవుటర్ దాటాక ఏదైనా ఖాళీ చోటు చూసుకుని, డోర్లన్నీ మూసి, బండికి దగ్గర్లో మనుషులు లేకుండా ఒకటి, పద్నాలుగు, ఇరవై ఏడు చానెళ్లలో కొలవండి. ఒకటిలో ఎక్కువుంటే యాంటెన్నా పొట్టి, స్క్రూ బయటికి తిప్పి పొడుగు చేయాలి. ఇరవై ఏడులో ఎక్కువుంటే పొడుగైంది, లోపలికి తిప్పాలి. మీకిప్పుడు ఇరవై ఏడులోనే ఎక్కువుంది కదా అని కడ్డీ కత్తిరించకండి, ఎర్త్ సరిచేశాక ఈ అంకెలే ఉండవు. మధ్య చానెల్లో 1.5 వస్తే చాలా మంచిది, అంచుల్లో 2 లోపుంటే నిశ్చింతగా తిరగొచ్చు. 1.1 కోసం రోజంతా కుస్తీ పట్టనక్కర్లేదు, 1.5 దగ్గర వెనక్కి వచ్చేది 4 శాతమే.

అన్నీ చేశాక కూడా బండి ముందువైపు బాగా, వెనకవైపు తక్కువగా పలికితే కంగారు పడకండి. కడ్డీ వెనక మూలన ఉంటే సిగ్నల్ బాడీ ఎటు ఎక్కువుంటే అటు ఎక్కువ పోతుంది. అడుగు భాగం బాడీకి ఆనుకుని దాగిపోకుండా, సగం కంటే ఎక్కువ కప్పుకి పైన ఉండేలా మాత్రం చూసుకోండి.

ప్రశ్న (ఉప్పల్ నుంచి): ఇంజిన్ ఆపితే రేడియో శుభ్రంగా ఉంటుంది. స్టార్ట్ చేస్తే సన్నగా ఈల లాంటి కూత, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది. ముందున్న ఎల్ఈడీ బార్ వేస్తే బర్రుమని ఇంకో రకం గోల. యాంటెన్నా మార్చాలా?

జవాబు: ముందు యాంటెన్నా ప్లగ్గు పీకేసి వినండి. ఈల అలాగే ఉంటే అది కరెంటు వైర్లలోంచి వస్తోంది, ఆల్టర్నేటర్ పని. రేడియో ప్లస్సూ మైనస్సూ డ్యాష్‌బోర్డ్ వైర్లకి కలిపి ఉంటే అక్కణ్నుంచి తీసి, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి లాగించండి. చాలాసార్లు దీంతోనే పోతుంది. ప్లగ్గు పీకగానే ఎల్ఈడీ గోల ఆగిపోతే మాత్రం అది గాల్లోంచి యాంటెన్నా పట్టుకుంటున్నది. చవక బార్లలో ఉండే డ్రైవర్ సర్క్యూట్ ఈ గోల పుట్టిస్తుంది. బార్ వైర్లకి, లైటుకి దగ్గరగా ఫెర్రైట్ రింగులు (గోలను అడ్డుకునే నల్లటి రింగులు) తొడగండి, కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. వైరుని రింగులోంచి మూడు, నాలుగు చుట్లు తిప్పితే ఒక్క చుట్టు కంటే బాగా పనిచేస్తుంది. స్క్వెల్చ్ (నీరసమైన సిగ్నల్ వచ్చినప్పుడు స్పీకర్‌ని మూసేసే నాబ్) పెంచి గోల వినపడకుండా చేసుకోవడం పరిష్కారం కాదు, దూరం నుంచి వచ్చే నీరసమైన మాట కూడా దాంతోపాటే ఆగిపోతుంది.

ప్రశ్న (మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు): మా పాత జిప్సీలో ఎండాకాలమంతా ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 ఉండేది. వానలు మొదలయ్యాక రోజుకో అంకె చూపిస్తోంది. ఏమీ ముట్టుకోలేదు.

జవాబు: కేబుల్లోకి నీళ్లు దిగాయమ్మా. యాంటెన్నా అడుగున ప్లగ్గు విప్పి, కేబుల్ పైతొడుగు ఒక అంగుళం చీల్చి చూడండి. లోపలి రాగి జాలీ మెరవాలి. నల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే నీళ్లు పట్టినట్టే, జాలీ ఆ నీటిని దీపం వత్తిలా లోపలికి లాక్కుపోతుంది. ఎండబెట్టినా, కొస కత్తిరించి మళ్లీ ప్లగ్గు వేసినా కొన్నాళ్లకి తిరగబెడుతుంది. కొత్త ఆర్‌జీ-58 కేబుల్, రెండు వైపులా పీఎల్-259 ప్లగ్గులు సరిగ్గా సోల్డరింగ్ చేయించి వేయండి. కేబుల్ మీద 50 ఓమ్ అని ఉందో లేదో చూసుకోండి, టీవీ కేబుల్ 75 ఓమ్, అది వద్దు. ప్లగ్గు మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు కింద నుంచి పైకి చుట్టండి, అలా చుడితే వాన నీరు పొరల మీదుగా జారిపోతుంది.

ప్రశ్న (మెహిదీపట్నం నుంచి): పగటిపూట ఒక్కోసారి అర్థంకాని భాషల్లో మాటలు వినిపిస్తున్నాయి. రేడియో పాడైందా?

జవాబు: లేదు, మీ యాంటెన్నా బాగా వింటోంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో 27 మెగాహెర్ట్జ్ తరంగాలు వాతావరణంలో బాగా పైనున్న అయనోవరణమనే పొరకి తగిలి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఈ జోరు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది, ఇప్పుడు నడుస్తున్న 25వ సౌరచక్రం 2019 డిసెంబరులో మొదలైంది.

ప్రశ్న (ఎల్బీ నగర్ నుంచి): అమెరికా నుంచి తెచ్చిన సెట్‌లో 40 చానెళ్లున్నాయి. అన్నీ వాడొచ్చా? లైసెన్స్ కావాలా?

జవాబు: 2005లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మన దేశంలో లైసెన్స్ మినహాయింపు 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే, 5 వాట్లు దాటకుండా. అమెరికా లెక్కలో ఒకటి నుంచి 27వ చానెల్ (27.275) వరకు ఇందులో పడతాయి, 28 నుంచి బయటికి పోతాయి, వాటిలో మైక్ నొక్కకండి. పైన ఒకటి, పద్నాలుగు, ఇరవై ఏడులోనే కొలవమన్నది కూడా ఇందుకే, మనకు లేని 40 కోసం ట్యూన్ చేస్తే మనకున్న చానెళ్లలో నష్టపోతాం. సెట్‌కి మన టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఆమోదం ఉందో లేదో, సెట్‌కీ యాంటెన్నాకీ నోటిఫికేషన్‌లో ఏ షరతులున్నాయో బిగించే ముందే చదువుకోండి. ఇంతకంటే ఎక్కువ పవర్, ఎక్కువ దూరం కావాలనుకుంటే హామ్ రేడియో (అభిరుచి కోసం లైసెన్స్ తీసుకుని నడిపే రేడియో) పరీక్ష రాయండి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన హైదరాబాద్‌లోనే ఉంది. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులున్నాయి, కొత్తవాళ్లకి రెస్ట్రిక్టెడ్‌తో మొదలుపెట్టడం తేలిక.