ఎనర్జీ స్టోరేజీ, అంటే కరెంటును నిల్వ చేసే రంగం, నిజంగా పెరుగుతోందా, లేక ఇదీ హడావుడేనా? ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) డిప్లొమాతో ఇందులోకి రావచ్చా?

"సోలార్ వచ్చినప్పుడూ ఇలాగే ఊదరగొట్టారు, చివరికి మావాళ్లకు ప్యానెళ్లు కడిగే పని మిగిలింది. ఈ బ్యాటరీలదీ అదే కథా?" అని మీరు అడిగారు. నేను రాయలసీమలో ఒక సోలార్ ప్లాంటులో షిఫ్ట్ ఇంజినీరుగా చేరి, ఇప్పుడు బ్యాటరీ ప్రాజెక్టుల కమిషనింగ్‌లో, అంటే కట్టినవాటిని పరీక్షించి నడిపించే పనిలో ఉన్నాను. చూసింది చూసినట్టు చెప్తాను.

పెరుగుతోంది, అందులో అనుమానం లేదు. ఎందుకు పెరుగుతోందో తెలిస్తే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుస్తుంది.

ప్లాంటులో ఉన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు విచిత్రంగా ఉండేవి. ఎండ బ్రహ్మాండంగా కాస్తుంటుంది, ఇన్వర్టర్లన్నీ ఫుల్ లోడ్ మీద ఉంటాయి, సరిగ్గా అప్పుడే జనరేషన్ తగ్గించమని మెసేజ్ వస్తుంది. మేం దాన్ని బ్యాక్‌డౌన్ అంటాం. ఉచితంగా వచ్చే ఎండను వదిలేసి కూర్చోవాలి. సాయంత్రం ఆరున్నరకు మా మీటర్ సున్నా. ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసేది ఆ తర్వాతే. కరెంటు కొని అమ్మే ఎక్స్చేంజీలో మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకే దొరికే కరెంటు, గిరాకీ బాగా ఉన్న రోజుల్లో రాత్రికి పది రూపాయలు అవుతుంది. అదీ కేంద్ర రెగ్యులేటర్ పెట్టిన పరిమితి వల్ల అక్కడ ఆగుతోంది కానీ, లేకపోతే ఇంకా పోయేదే. 2025 మధ్యకల్లా దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అయింది. అయినా రాత్రి ఎనిమిదింటికి బొగ్గు మీదే ఆధారపడుతున్నాం. స్టోరేజీకి గిరాకీ పుట్టింది ఈ తేడాలోంచే.

ఇక డబ్బు లెక్క. 2022లో కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) మొదటి పెద్ద బ్యాటరీ టెండర్ వేసినప్పుడు మెగావాట్ బ్యాటరీకి నెలకు దాదాపు 10.8 లక్షల రూపాయల అద్దె పలికింది. మూడేళ్లు తిరక్కుండా కొన్ని రాష్ట్రాల టెండర్లలో అది రెండు లక్షల చిల్లరకు దిగింది. వాటిలో కొన్నిటికి కేంద్రం ఇచ్చే వీజీఎఫ్ (ప్రాజెక్టు ఖర్చులో లోటు పూడ్చే) సాయం కూడా ఉందనుకోండి. రెండు గంటల బ్యాటరీని రోజుకు ఒకసారి నింపి వాడితే మెగావాట్‌కు నెలకు 60 వేల యూనిట్లు. పాత రేటుకు నిల్వ ఖర్చే యూనిట్‌కు 18 రూపాయలు పడేది, కొత్త రేటుకు మూడున్నర, నాలుగు మధ్యలో పడుతుంది. రోజుకు రెండుసార్లు వాడితే అందులో సగం. మధ్యాహ్నం కొన్న కరెంటు ధర, నష్టాలు కలుపుకున్నా పది రూపాయలకు కొనడం కంటే మేలే కదా. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఇప్పుడు ఎగబడుతున్నది అందుకే. అయితే మరీ తక్కువకు కోట్ చేసిన ప్రాజెక్టులన్నీ కట్టి నిలబడతాయని నేను అనుకోను.

టెండర్ చదివేటప్పుడు మెగావాట్‌కూ మెగావాట్ అవర్‌కూ తేడా చూడండి. మొదటిది పైపు సైజు, రెండోది ట్యాంకు సైజు. 500 మెగావాట్లు అని పేపర్లో పెద్దక్షరాలతో వేస్తారు, ఎన్ని గంటలు ఇస్తుందో మాత్రం రాయరు.

బ్యాటరీ ఒక్కటే స్టోరేజీ కాదు. మన దగ్గర నీళ్ల నిల్వ అంతకంటే పాతది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు 150 మెగావాట్ల యూనిట్లు రివర్సిబుల్, అంటే కిందికి వచ్చిన నీటిని తిరిగి పైకి తోడగలవు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఉన్నాయి, కానీ దిగువన నీళ్లు ఆపే టెయిల్‌పాండ్ (చిన్న జలాశయం) లేక తోడే పని ఏళ్ల తరబడి జరగలేదు. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ కట్టిన 1680 మెగావాట్ల ప్రాజెక్టు నది మీద లేదు. కొండ మీద ఒక చెరువు, కింద ఒకటి. ఒకసారి నింపిన నీళ్లే పైకీ కిందికీ తిరుగుతుంటాయి, ఆవిరైనంత మేర కలిపితే చాలు. ఐదారు గంటలు ఇవ్వాలంటే ఇదే నయం. కాకపోతే కట్టడానికి ఏళ్లు పడుతుంది, బ్యాటరీ కంటైనర్లను నెలల్లో దించేయవచ్చు.

మన వేడి సంగతి బ్రోచర్లు చెప్పవు. ఈ బ్యాటరీల్లో వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌కు పాతిక డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, బయట చూస్తే 43. చల్లబరిచే యంత్రాలు (చిల్లర్లు) ఆగకుండా తిరుగుతాయి, వాటి కరెంటు కూడా మన ఖాతాలోనే. చాలా కాంట్రాక్టుల్లో బ్యాటరీలో నింపిన కరెంటులో కనీసం 85 శాతం తిరిగి ఇవ్వాలి, ఏడాదిలో 95 శాతం సమయం అందుబాటులో ఉండాలి, లేదంటే పెనాల్టీ. సైట్‌లో అందరి టెన్షన్ ఈ రెండు అంకెల మీదే. ఒక సైట్‌లో కూలెంట్ లీకయి ఒక కంటైనర్ ఆగింది. స్పేర్ పార్ట్ విదేశం నుంచి రావాల్సి వచ్చింది, అది వచ్చేదాకా సప్లయర్‌కు మెయిళ్లు కొడుతూ కూర్చున్నాం. సెల్స్ దాదాపు అన్నీ చైనావే కాబట్టి ఈ తలనొప్పి ఇప్పట్లో పోదు.

మన దేశం ఒక్కటే కాదు. పాకిస్తాన్‌లో గ్రిడ్ రేట్లు భరించలేక జనం, ఫ్యాక్టరీలు కలిసి 2024లో దాదాపు 17 గిగావాట్ల ప్యానెళ్లు తెప్పించుకున్నారు, ఇప్పుడు వాటి వెనకే బ్యాటరీలు వస్తున్నాయి. దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలే ఇళ్లలోకి బ్యాటరీలు తెచ్చాయి. అనుభవం ఉన్నవాళ్లకు గల్ఫ్ నుంచీ ఫోన్లు వస్తున్నాయి.

ఇక మీ సంగతి. ప్యానెళ్లు కడిగే పని మిగిలింది అన్నారు, అది నిజమే. కానీ బ్యాటరీ సైట్‌లో కడగడానికి ఏమీ ఉండదు, మనుషులూ తక్కువే. ఉన్న కొద్దిమందికీ పని తెలిసుండాలి. రిలే సెట్టింగులు, 33 కేవీ స్విచ్‌గేర్, స్కాడా (ప్లాంటును కంప్యూటర్ నుంచి చూసి నడిపే సిస్టమ్) కమ్యూనికేషన్, డీసీ ఇన్సులేషన్ ఫాల్ట్ వెతకడం. ఇవి వస్తే బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే) సాఫ్ట్‌వేర్ సైట్‌లోనే నేర్చుకుంటారు. వేలకు వేలు తీసుకుని "బీఈఎస్ఎస్ సర్టిఫికెట్" (బ్యాటరీ స్టోరేజీ సర్టిఫికెట్) ఇచ్చే ఆన్‌లైన్ కోర్సుల జోలికి పోవద్దు, మా ఇంటర్వ్యూల్లో దాన్ని అడిగినవాళ్లు లేరు. ముందు ఏదైనా 132 కేవీ సబ్‌స్టేషన్‌లోనో, సోలార్ ప్లాంటు స్విచ్‌యార్డులోనో చేరి రెండేళ్లు చేతులు నలగనివ్వండి. ఆఫర్ వచ్చినప్పుడు జీతం కంటే ముందు ఒకటి అడగండి: ఉద్యోగం కంపెనీ రోల్స్ మీదా, థర్డ్ పార్టీ ఓ అండ్ ఎమ్ (నిర్వహణ, మరమ్మతు) కాంట్రాక్టు మీదా? రెండోదైతే ఆ కాంట్రాక్టు ఎన్నేళ్లకో కనుక్కోండి.