బండి సంగతి తర్వాత, ముందు ఆమెతో మాట్లాడండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నాన్న 2008లో కొన్న మినీ లారీనే ఇప్పటికీ తిప్పుతున్నాం. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు, మిగతా రోజుల్లో చెన్నైకి కూరగాయలు తోలుతాం. ఈ మధ్య బండి మీద నమ్మకం పోయింది. పలమనేరు నుంచి టమాటా లోడుతో దిగుతుంటే మొగిలి ఘాట్‌లో ఆగిపోయి, రాత్రంతా అక్కడే ఉండాల్సి వచ్చింది. సరుకు పాడైంది. నాకు కువైట్‌లో కంపెనీ డ్రైవరుగా వీసా వచ్చింది, నెలన్నరలో ప్రయాణం. ఆలోపు పాతది అమ్మేసి, ఫైనాన్స్‌లో వేరే బండి తీసి తమ్ముడికి అప్పజెప్పాలని ఉంది. డౌన్ పేమెంటుకు నా భార్య నగలు బ్యాంకులో పెడతాం, ష్యూరిటీ కూడా ఆమే. వాయిదాలు తప్పకుండా కడతానని తమ్ముడు కాణిపాకంలో ప్రమాణం చేస్తానంటున్నాడు. నాన్న గుర్తుగా ఉన్న బండిని అమ్మడం అమ్మకు ఇష్టం లేదు. నా భార్య ఏమీ అనదు గానీ, కొన్నాళ్లుగా నాతో సరిగా మాట్లాడడం లేదు. కొత్త బండి మేలా, సెకండ్ హ్యాండా?

జవాబు: సెకండ్ హ్యాండ్ చాలు, అదీ అప్పు మోయగలిగితేనే. తెలిసిన మెకానిక్కుకు చూపించి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్స్, పాత ఫైనాన్స్ తీరినట్టు కాగితాలు చూసుకుని తీసుకోండి. బండ్ల గురించి మీకు నాకన్నా బాగా తెలుసు. దీనికోసం మీరు నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం. భార్య సరిగా మాట్లాడడం లేదన్నారు, వెంటనే మళ్లీ బండి దగ్గరికి వెళ్లిపోయారు.

నగలు ఆమెవి. సంతకం ఆమెది. మీరు విమానం ఎక్కాక, వాయిదా తప్పిన నెలలో ఫైనాన్స్ వాళ్లు వచ్చి నిలబడేది ఆమె వాకిట్లో. ఇంత బరువు ఆమె నెత్తిన పెడుతూ, ‘నీకు ఇష్టమేనా’ అని అడిగినట్టు ఎక్కడా లేదు. ఏమీ అనదంటున్నారు. అడగందే ఏమంటుంది? అత్త, మరిది ఎదురుగా అడిగితే మాత్రం ఏ కోడలు వద్దని చెప్పగలదు? ఆమె మౌనాన్ని మీరు ఒప్పుకోలు కింద రాసేసుకున్నారు. నాకైతే అది భయంలా కనిపిస్తోంది. మొగుడు రెండేళ్లు దూరంగా ఉంటాడు, పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం బ్యాంకులో ఉంటుంది, అప్పు మాత్రం ఇంట్లో ఉంటుంది. భయపడక ఏం చేస్తుంది?

నగల విషయంలో నేను గట్టిగానే చెబుతాను. పెళ్లిలో ఆమెకు పెట్టిన బంగారం స్త్రీధనం. అది కాపురానికి వచ్చినంత మాత్రాన భర్తది, అత్తింటిది అయిపోదని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కష్టకాలంలో భర్త ఆ నగలు అడగడం, భార్య ఇవ్వడం మన ఇళ్లలో ఉన్నదే, అందులో తప్పు లేదు. కానీ అడగాలి. ఎప్పుడు విడిపిస్తారో చెప్పాలి. చెప్పిన రోజుకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. ‘మనదేగా’ అనుకుని తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ష్యూరిటీ సంతకం అంటే పేరుకు పెట్టే సంతకం అనుకునేవాళ్లు చాలామంది. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, హామీ ఉన్న మనిషికీ చట్టం ప్రకారం అంతే. తమ్ముడు కట్టకపోతే మీ ఆవిడ కట్టాలి. ఆమెకు సంపాదన ఉన్నట్టు మీరు రాయలేదు.

మీరు పంపుతారు కదా అంటారేమో. కువైట్‌లో దిగగానే జీతం చేతికి రాదు. అక్కడ మెడికల్, వేలిముద్రలు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు), ఆ తర్వాత అక్కడి లైసెన్సు, ఇవన్నీ అయ్యాకే స్టీరింగు పట్టుకునేది. వీసాకు చేసిన అప్పు ఉంటే మొదటి జీతాలు దానికే పోతాయి. ఇక్కడ వాయిదా మాత్రం మరుసటి నెల నుంచే మొదలు. తోతాపురి మామిడి సీజను మహా అయితే జూన్, జూలై. టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో మీ బండికి లోడు ఎక్కడిది?

ఇక తమ్ముడి ప్రమాణం. కాణిపాకం వినాయకుడి మీద నాకూ భక్తి ఉంది. అక్కడ అబద్ధపు ప్రమాణం చేయడానికి మన జిల్లాలో ఎంతటివాడైనా జంకుతాడు. మీ తమ్ముడు మంచి మనసుతోనే అంటున్నాడని నమ్ముతున్నాను. కానీ జరిగినదాని మీద ప్రమాణం చేయొచ్చు గానీ, రేపటి లోడు మీద, టమాటా ధర మీద ఎవరు చేయగలరు? బండి నడిపి బతికేది అతను, అప్పు కూడా అతని పేరునే తీసుకోనివ్వండి. ష్యూరిటీకి మీ మేనమామనో, చిన్నాన్ననో అడగండి. పని చేసుకోగల మగవాడు వదిన నగల మీద బతుకు మొదలుపెట్టడం అతనికీ గౌరవం కాదు.

మీ అమ్మగారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా, ఆ బండితో చిన్నకొడుకు రాత్రిపూట లోడు వేసుకుని మొగిలి ఘాట్ దిగుతాడన్న మాట ఆమెకు ఒకసారి చెప్పండి. ఆమే అమ్మేయమంటుంది.

అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చేసి, ‘ఆర్సీ మెల్లగా మార్చుకోండి’ అని వెళ్లిపోవద్దు. బండి చేతులు మారిన 14 రోజుల్లోపు మీరు రవాణా శాఖకు తెలపాలి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొన్నవారి పేరున ఆర్సీ మారేదాకా వదలకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఆ బండి ఎక్కడో ఎవరినో గుద్దితే, మీరు కువైట్‌లో ఉంటారు, ఆ నోటీసు అందుకునేదీ మీ ఆవిడే.

మీరు పది పాసు కాలేదంటే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో (విదేశీ ఉద్యోగానికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. అందులో నామినీగా ఎవరి పేరు రాశారు? జీతం ఎవరి ఖాతాకు పంపుతారు? కువైట్ డబ్బు అన్న ఖాతాకా, అమ్మ ఖాతాకా, భార్య ఖాతాకా అన్న దగ్గరే మన వైపు చాలా కాపురాలు చెడిపోయాయి. మీ భార్య ఖాతాకే పంపండి. అమ్మకు ఇవ్వాల్సింది ఆమె చేతుల మీదుగా ఇప్పించండి. ఇది అమ్మను తక్కువ చేయడం కాదు, ఇల్లు నడిపే మనిషిని నమ్మడం. బ్యాంకు పనులకు, రిజిస్ట్రేషన్లకు పవర్ ఆఫ్ అటార్నీ అవసరమైతే ఇప్పుడే ఆమె పేరున రాయించండి. అక్కడికి వెళ్లాక అయితే ఎంబసీ చుట్టూ తిరగాలి, సెలవు పెట్టాలి.

ఈ వారంలోనే పిల్లలను అమ్మ దగ్గర వదిలి, ఆమెను ఒక్కదాన్నే తిరుపతి తీసుకెళ్లండి. దర్శనం అయ్యాక కూర్చుని అన్నీ చెప్పండి. జీతం ఎంత, వీసా అప్పు ఎంత, బండి వాయిదా ఎంత, తమ్ముడు కట్టలేకపోతే ఏం చేద్దామనుకుంటున్నారు, ఏదీ దాచకండి. తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి. మధ్యలో సర్దిచెప్పకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

సరేనంటే, ఆమె చెప్పిన షరతులతోనే బండి తీసుకోండి. వద్దంటే వద్దు. పాతది అమ్మిన డబ్బుతో వీసా అప్పు కొంత తీర్చండి. తమ్ముడు ఏడాదిపాటు వేరేవాళ్ల బండి మీద డ్రైవరుగా పోనీ, ఈలోపు కొంత కూడబెట్టుకుంటాడు. బండి ముచ్చట మీ మొదటి సెలవుకు వచ్చినప్పుడు, ఆమె కూడా పక్కన కూర్చున్నాకే ఎత్తండి.