పాత హార్డ్ డిస్కులోని క్రికెట్ గేమ్ ప్యాచ్‌లను దాచడం వృథా శ్రమా?

అసలు గేమే పాతబడిపోయాక, అభిమానులు చేసిన ప్యాచ్‌లను (గేమును మార్చే అదనపు ఫైళ్లను) దాచి ఏం ప్రయోజనమని మీరు అడిగారు. దాచవలసిందేనని నా అభిప్రాయం, కాని ప్యాచ్ ఫైలును ఒంటరిగా దాస్తే మాత్రం మీ అనుమానమే నిజమవుతుంది.

ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 వచ్చింది 2006లో, ఐపీఎల్ మొదలైంది 2008లో. అంటే విశాఖలో ద్వారకానగర్ నెట్ సెంటర్లలో మేము గంటల లెక్కన డబ్బు కట్టి ఆ గేములో ఆడిన ఐపీఎల్ అంతా, జెర్సీలు, ముఖాలు, జట్ల జాబితాలు మార్చి ఎవరో అభిమానులు ఉచితంగా తయారుచేసిపెట్టినదే. 2009లో కప్పు గెలిచి, 2012లో మన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో సొంత మ్యాచ్‌లు ఆడి, ఆ ఏడాదే రద్దయిపోయిన డెక్కన్ ఛార్జర్స్ నా డిస్కులో ఇప్పటికీ టాస్ వేస్తుంది. ఆ ప్యాచ్‌లు దొరికిన ర్యాపిడ్‌షేర్ అనే ఫైళ్లు పంచుకొనే సైటు 2015లో మూతపడింది కనుక పాత లింకులను నమ్ముకొని లాభం లేదు.

ప్యాచ్ ఒక్కటే ఉంటే అది ఏ వెర్షన్ మీద, ఏ వరుసలో ఎక్కుతుందో తెలియదు. నా ఫోల్డరులో ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు ఉంది: "ముందు పాత రోస్టర్ బ్యాకప్ తీసుకో, తర్వాత కిట్లు వెయ్యి, గేమ్ ఓపెన్ చేసి ఉంచకు" అని నెట్ సెంటర్ కుర్రాడెవరో ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాశాడు. ప్యాచ్‌ను పనిచేయించేది ఆ మూడు ముక్కలే, కాబట్టి రీడ్‌మీలు (ఇలా ఎలా వాడాలో చెప్పే ఫైళ్లు), స్క్రీన్‌షాట్లు, గేమ్ వెర్షన్ వివరం తప్పక కలిపి దాచండి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) తీసి పక్కన రాసుకుంటే, ఏళ్ల తరువాత కాపీ చెడిందో లేదో తేల్చవచ్చు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ పక్క అరలోని నా సీడీలన్నీ తడిసిపోయాయి. రాజమండ్రిలో మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఉన్న కాపీయే మిగిలింది. రెండో కాపీ పక్క గదిలో కాదు, వేరే ఊరిలో ఉండాలి.

ఇతరులతో పంచుకొనేటప్పుడు పూర్తి గేమును ఎక్కించకండి, దాని హక్కులు మనవి కావు. ప్యాచ్‌ను మాత్రమే ఇవ్వడం కొంత మేలు, అయినా పూర్తి రక్షణ అనుకోవద్దు: 2016లో అభిమానులు చేసిన మెట్రాయిడ్ గేము రీమేక్‌ను (తిరిగి చేసిన రూపాన్ని) దాని హక్కులున్న నింటెండో నోటీసులు ఇచ్చి తొలగింపజేసింది. రీడ్‌మీలో తయారుచేసినవారి పేరు ఉంటే అలాగే ఉంచండి. లేకపోతే ఆ ఫైలు మీకు ఎప్పుడు, ఏ సెంటరులో దొరికిందో గుర్తున్నంత మేరకు రాసి అదే ఫోల్డరులో పెట్టండి.