ఆ పిల్లిని వెతుక్కుంటూ వెళ్లకు

చి. హారికకు,

మల్లేశ్వరం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

శ్రీనివాసపురం తోటలో కాపలా తాత చూశానన్న చిన్న పిల్లిని దగ్గరగా ఫొటో తీయాలనుందనీ, అందుకోసం 600 మిల్లీమీటర్ల లెన్సు అద్దెకు తీసుకుంటున్నాననీ రాశావు. ఆ డబ్బు దాచుకో. రాత్రిపూట తిరిగే, రెండు కిలోలు కూడా తూగని జంతువును పొడవాటి లెన్సుతో వెతకడమంటే టార్చి పట్టుకుని చీకట్లో తోటంతా కలియదిరగడమే. అది నిన్ను చూస్తుంది, నీకు మాత్రం కనబడదు. దగ్గరి ఫొటో కావాలంటే అది నడిచే దారిలో కెమెరా పెట్టేసి నువ్వు బెంగళూరు వచ్చేయాలి. ఎంత దగ్గరికి రావాలో అదే తేల్చుకుంటుంది.

ముందు అది ఏ పిల్లో తెలియాలి. తాత చెప్పిన పోలికలు తుప్పుమచ్చల పిల్లికి, అంటే రస్టీ స్పాటెడ్ క్యాట్‌కు సరిపోతున్నాయి. కానీ చీకట్లో ఇంటి పిల్లి కూన కూడా అలాగే కనిపిస్తుంది. బూడిద కలిసిన గోధుమ రంగు ఒంటి మీద వరసలుగా తుప్పు రంగు మచ్చలు, నుదుటి మీద నిలువు చారలు, కళ్ల లోపలి అంచున తెల్లని గీతలు, మచ్చల్లేని తోక ఉన్నాయేమో చూడు. కాళ్లు పొడవుగా ఉండి, ఒంటి మీద మచ్చల్లేకుండా తోక చివర నల్ల పట్టీలు ఉంటే అది జంగుపిల్లి. తుప్పుమచ్చల పిల్లి భారత్, శ్రీలంక, నేపాల్‌లలో తప్ప మరెక్కడా లేదు. 1831లో శాస్త్రలోకానికి పరిచయమైంది కూడా మన పక్కనున్న పుదుచ్చేరి ప్రాంతపు నమూనాతోనే. అడవిలో తప్ప ఉండదనుకోకు. శ్రీహరికోటలో కనిపించింది. దక్షిణాదిలో పొలాల మధ్య ఉన్న ఇళ్ల అటకల మీద పిల్లల్ని పెట్టిన దాఖలాలు కూడా ఉన్నాయి. మామిడితోటలో ఉంటే వింతేమీ లేదు.

మొదట ఒక మామూలు ట్రయిల్ కెమెరా, అంటే ఏదైనా ఎదుట కదలగానే తనంతట తానే ఫొటో తీసేది, కొను. కొనేటప్పుడు రాత్రి ఫొటోకు అది వాడే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు 940 నానోమీటర్లదేనా అని అడుగు. 850 రకంలో దీపాలు సన్నగా ఎర్రగా కనిపిస్తాయి, 940లో కనిపించవు. దాన్ని గట్టు మీదా, కంచె కింద కంత దగ్గరా, వంక దాటే చోటా మార్చి మార్చి కట్టు. బురదలో అడుగులు వెతుకు. పిల్లి అడుగులో సాధారణంగా గోళ్ల గుర్తులు పడవు, కుక్క, ముంగిసల అడుగుల్లో పడతాయి. ఈ వెతుకులాటకు వారాలు పట్టినా విసుక్కోకు. అసలు పని ఇదే, మిగతాదంతా సామాను.

దారి తెలిశాక నీ పాత కెమెరా తీసుకెళ్లు, కొత్తది వద్దు. లెన్సు 18 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య చాలు. తోట కూడా బొమ్మలో కనిపించాలి, లేకపోతే జంతుప్రదర్శనశాలలో తీసిన ఫొటోకూ దీనికీ తేడా ఏముంది? లెన్సు నేలకు జానెడు ఎత్తున, పిల్లి కంటికి సమంగా ఉండాలి. చాలామంది మోకాలి ఎత్తున పెట్టి వీపు ఫొటోలు తెచ్చుకుంటారు. అది అడుగు వేస్తుందనుకున్న చోట ఒక ఇటుక పెట్టి, దాని మీద చేత్తో ఫోకస్ చేసి, రింగు కదలకుండా టేపు అంటించు. లెన్సు ద్వారం ఎఫ్ 8 లేదా 11, వెలుతురు పట్టే శక్తి ఐఎస్ఓ 400, షట్టర్ సెకనులో 200వ వంతు. అక్కడి నుంచి వచ్చిన బొమ్మను బట్టి సర్దుకో.

జంతువు ఒంటి వేడి కదలగానే పసిగట్టి కెమెరాను నొక్కించే పీఐఆర్ సెన్సర్లు ఇక్కడ బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి. సెన్సర్‌కు ఎదురుగా నడిచి వచ్చే జంతువును అది ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా దాటితే వెంటనే స్పందిస్తుంది. కాబట్టి సెన్సర్‌ను దారికి అడ్డంగా చూసేలా పక్కన పెట్టు. నేల వేడి తగ్గని ఎండాకాలపు తొలిరాత్రుల్లో అది మందగిస్తుంది. పైగా మే నుంచి తోటలో కోతలు, మనుషులు, దీపాలు. కోతలయ్యాక, వానలు పడి కప్పలు బయటికొచ్చిన రోజుల్లో మొదలుపెట్టు. ఎలుకలు, బల్లులు, పురుగులతో పాటు కప్పలను కూడా తింటుందది. సామాను టిఫిను డబ్బాల్లో పెట్టి సిలికా జెల్ వెయ్యి, చీమలు దూరకుండా అంచులు మూసెయ్యి. మా వంటింట్లో డబ్బాలన్నిటికీ కన్నాలేనని మీ పెదనాన్న ఇప్పటికీ గొణుగుతుంటారు.

వెలుతురు దగ్గర తొందరపడకు. ఫ్లాష్‌ను లెన్సు పక్కనే పెడితే కళ్లు రెండూ దీపాల్లా వెలిగి ముఖం పాడవుతుంది. ఒకటి పక్కగా కొంచెం పైనుంచి, ఇంకొకటి వెనక కొమ్మ మీద కట్టు. బలం 16వ వంతుకో 32వ వంతుకో తగ్గించు. అప్పుడు మెరుపు సెకనులో కొన్ని వేలవ వంతే ఉంటుంది, కదిలే పిల్లి కూడా స్పష్టంగా పడుతుంది, దాని కళ్లకూ బాధ తక్కువ. నాలుగు మంచి బొమ్మలు వచ్చాక అక్కడి నుంచి తీసెయ్యి. రోజూ మెరుపులు మెరిస్తే అది దారి మార్చుకుంటుంది.

కోడి ముక్క వేలాడదీస్తే త్వరగా వస్తుంది కదా అని ఎవరో సలహా ఇచ్చారన్నావు. ఆ మాట మళ్లీ ఎత్తకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాట కింద ఎర వేయడం కూడా ఉంది. ఈ పిల్లి ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోని జీవి. బన్నేరుఘట్ట అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరా పెట్టడానికే వీల్లేదు. తోట మీదే కాబట్టి ఆ అనుమతి అక్కర్లేదు గానీ, ఎర విషయంలో చట్టం గట్టు దగ్గర ఆగిపోదు. ఫోనులో పిల్లి కూతలు పెట్టి పిలవడం కూడా నాకు నచ్చదు. పిల్లల దగ్గరున్న తల్లిని అలా బెదరగొట్టి తీసిన ఫొటోను నేను చూడను కూడా చూడను.

ఇంకో ముఖ్యమైన మాట మీ నాన్నతో మాట్లాడు. తోటలో ఎలుకల మందు పెడుతున్నారా? బ్రోమడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మందగించి తిరుగుతుంది, దాన్ని తిన్న పిల్లి ఒంట్లోకీ ఆ విషం చేరుతుంది. మందు ఆపకుండా కెమెరా పెట్టడం దండగ. కుక్కలను రాత్రిపూట కట్టేయమను, గోడలేని పాత బావి చుట్టూ కంచె వేయించు.

కూనలు కనిపిస్తే ముట్టుకోవద్దని తాతకు ఇప్పుడే చెప్పు. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. అనాథలనుకుని ఇంటికి తెచ్చిన వాటిని మళ్లీ తల్లి దగ్గరికి చేర్చడం ఎంత కష్టమో మహారాష్ట్రలో చెరకు కోతల వేళ అటవీ సిబ్బందికి బాగా తెలుసు. ఫొటో ఎవరికైనా పంపే ముందు అందులోని జీపీఎస్ వివరాలు తీసెయ్యి, ఊరి పేరు రాయకు. కోలారు జిల్లా అంటే చాలు.

నా దగ్గర రెండు నికాన్ ఎస్‌బీ 28 ఫ్లాష్‌లు ఉన్నాయి. పాతవే, కానీ నిద్రలో బ్యాటరీ బాగా తక్కువ తాగుతాయి, సెన్సర్ తట్టగానే లేస్తాయి. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. రీచార్జి బ్యాటరీలు నువ్వే కొనుక్కో, ఎనిమిది కావాలి, మార్చుకోవడానికి ఇంకో ఎనిమిది.

పెద్దమ్మ