చెక్క పెంకుల కప్పుకి ఆరే దారి వదులు

నాన్నా,

తోటలో గది చట్రం నిలబెట్టేశావు, ఇక పైన చెక్క పెంకులే వేస్తానన్నావు. ఫొటోలు చూశాను, వాసాలు చక్కగా కుదిరాయి, చాలా సంతోషమేసింది. కానీ మొదటి మేకు కొట్టేముందు ఇది మొత్తం చదువు, ఎందుకంటే పొరపాట్లన్నీ మొదటి రెండు వరసల్లోనే జరుగుతాయి, తెలిసేసరికి ఇరవై వరసలు పైకి వెళ్లిపోయి ఉంటాం.

చెక్క పెంకు వానకి తడుస్తుంది. తడవనీ. తడిసినంత త్వరగా ఆరాలి, అంతే. పైనుంచీ ఆరాలి, కిందనుంచీ ఆరాలి. కింద రాసినవన్నీ ఆ ఒక్క పని కోసమే.

ముందు వాలు చూసుకో. మీటరు పొడవుకి 36 సెంటీమీటర్లు లేస్తే దాదాపు 20 డిగ్రీలు. అంతకన్నా ఎక్కువుంటే 400 మిల్లీమీటర్ల పెంకుని 125 బయటికి కనిపించేలా వేయొచ్చు, అప్పుడు కప్పు మీద ఎక్కడ చూసినా మూడు పొరలు ఉంటాయి. 14 నుంచి 20 డిగ్రీల మధ్య అయితే 95కి తగ్గించు, పెంకులు ఎక్కువ పడతాయి, పడనీ. 14 కన్నా తక్కువైతే చెక్క పెంకుల ఆలోచనే వద్దు, నీళ్లు జారవు, వెనక్కి ఎక్కుతాయి. నీ ఫొటోలో వాలు బాగానే కనిపిస్తోంది కానీ కంటిని నమ్మకు, కొలువు.

వాసాల మీద ప్లైవుడ్ పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీదే పెంకులు కొడదామని నీకు ఎవరో చెప్పారన్నావు. వద్దు. అలా చేస్తే పెంకు వెనక వైపుకి గాలి తగలదు, పైన ఎండినట్టే ఉంటుంది, కింద కుళ్లుతుంది. వాసాల మీద అడ్డంగా రీపర్లు, అంటే సన్నని చెక్క పట్టీలు కొట్టు, రీపరు మధ్య నుంచి రీపరు మధ్యకి సరిగ్గా 125, వాలు తక్కువై 95 వేస్తే 95. గది లోపల సామాను తడవకుండా షీటు కావాలంటే ఆవిరిని బయటికి పోనిచ్చే రకం తీసుకో, దాని మీద వాసాల వెంబడి ముందు నిలువు బద్దలు, ఆ బద్దల మీద రీపర్లు. చూరు దగ్గర గాలి లోపలికి రావాలి, రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర బయటికి పోవాలి.

ఇప్పుడు పెంకు చేతిలోకి తీసుకో. ఒక అంచు మందంగా, రెండో అంచు దాదాపు కాగితంలా ఉంటుంది. మందం అంచు కిందికి. వెడల్పులు రకరకాలుగా ఉంటాయి, అది మంచిదే. 250 మిల్లీమీటర్లు దాటిన పెంకుని మాత్రం నారవెంబడి రెండుగా చీల్చెయ్యి, లేకపోతే అదే తనకిష్టమైన చోట చీలుతుంది.

మొదటి వరస చూరు దాటి 40 మిల్లీమీటర్లు బయటికి రావాలి, నీళ్లు చూరు పలక మీదికి కారకుండా నేరుగా కింద పడతాయి. ఆ వరస మీదే ఇంకో వరస వెయ్యి, అతుకులు మాత్రం కలవకూడదు. ఆ తర్వాత సుద్దదారం కొట్టి ఒక్కో వరసా పైకి పో. కింది వరస అతుక్కి పై వరస అతుకు కనీసం 40 మిల్లీమీటర్లు పక్కకి ఉండాలి, వరసగా మూడు వరసల్లో ఏ రెండు అతుకులూ ఒకే గీత మీద పడకూడదు.

పక్కపక్క పెంకుల మధ్య 6 మిల్లీమీటర్ల సందు వదులు. ఇది నేను చాలా ఖరీదుగా నేర్చుకున్నాను. నా మొదటి కప్పు మండుటెండల్లో వేశాను, అందంగా ఉంటుందని పెంకుకి పెంకు ఆనించేశాను. మొదటి వారం వానకే అవి ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుని మధ్యలో పైకి లేచాయి, రాత్రి పడుకుని వింటుంటే టప్ టప్ మని చీలుతున్నాయి. ఒక వైపు వాలు మొత్తం ఊడదీశాను. ఇప్పటికీ మధ్యలో పెన్సిల్ పెట్టి సందు చూసుకుంటాను.

మేకులు ఎంత వెడల్పు పెంకుకైనా రెండే. మధ్యలో మూడోది కొట్టాలని చెయ్యి లాగుతుంది, కొట్టకు, చెక్క తడిసి పెరిగినప్పుడు కదలడానికి వీల్లేక అక్కడే పగులుతుంది. పక్క అంచు నుంచి 20 మిల్లీమీటర్లు లోపలికి, 125 కనిపించేలా వేస్తే మందం అంచు నుంచి 165 పైకి. పై వరస వచ్చి కూర్చున్నాక మేకు 40 మిల్లీమీటర్లు లోపల దాక్కుంటుంది. ఆ 165 దగ్గర కింద రీపరు ఉండాలి కాబట్టి మొదటి రీపరు ఎక్కడ కొట్టాలో ఈ లెక్కతోనే తేల్చుకో. మేకు తల పెంకు మీద ఆని ఆగాలి. సుత్తి ఇంకో దెబ్బ వేస్తే తల చెక్కలోకి దిగి నార తెగుతుంది, ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఆఖరి దెబ్బ మెల్లగా వెయ్యి.

మేకు స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే నిశ్చింత. ఇంట్లో మిగిలిన మామూలు ఇనప మేకులు అస్సలు వాడకు. దేవదారు జాతి చెక్కలో ఉండే రసం ఇనుముని తినేస్తుంది, మేకు దగ్గర నుంచి కిందికి నల్ల చార కారుతుంది. ఒకసారి అలాంటి కప్పు బాగుచెయ్యడానికి ఎక్కాను, పెంకులు గట్టిగానే ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే మాత్రం ఊడి వచ్చాయి, మేకులకి తలల్లేవు.

కొప్పు మీద రెండు పెంకుల్ని ఏటవాలుగా జత చేసి కప్పు, ఒక జతలో ఎడమది పైన ఉంటే తర్వాతి జతలో కుడిది పైన. గాలి ఎక్కువగా వీచే వైపుకి ఎదురుగా ఉన్న కొసన మొదలుపెట్టకు, అవతలి కొస నుంచి రా, అప్పుడు గాలి అతుకుల్లోకి దూరదు.

పైన వార్నిష్ వెయ్యమని అంటారు. వద్దు, ఆ పొర పగిలిన చోట లోపలికి వెళ్లిన తడి బయటికి రాదు. ఊరికే వదిలేస్తే రంగు మారి బూడిద వెండిలా అవుతుంది. రష్యాలో కిజీ దీవిలో 1714లో కట్టిన చర్చికి 22 గుమ్మటాలు, వాటి మీద ఉన్నవి ఆస్పెన్ అనే చెట్టు చెక్క పెంకులే. ఎండలో ఆ వెండి మెరుపు చూడు, నీకే వార్నిష్ ఆలోచన పోతుంది.

గదిలో పొయ్యి గొట్టం పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఆగు. నిప్పు ఆపే మందు పట్టించిన పెంకులే కొను, అక్కడి కట్టడం నిబంధనలు ముందే అడుగు. కప్పు మీంచి వచ్చే నీళ్లు చేపల తొట్టెలోకి పోనివ్వకు.

లెక్కకి, ఈ కొలతలో నాలుగు కట్టలు సుమారు 9 చదరపు మీటర్లు కప్పుతాయి. నీ రెండు వాలులూ కలిపి 12 అన్నావు కాబట్టి ఐదుకి కాస్త పైన, చూరు దగ్గరి జోడు వరసకీ కొప్పుకీ వృథాకీ కలిపి ఆరు తెచ్చుకో, వీలైతే ఇంకోటి. అది నేలకి తగలకుండా నీడలో దాచు, ఎప్పుడైనా ఒక పెంకు చీలితే అదే రకం చెక్క చేతిలో ఉంటుంది. ఏడాదికోసారి ఎండుటాకులు మెత్తటి చీపురుతో ఊడ్చు. పాచి పట్టిందని ప్రెషర్ వాషర్ మాత్రం పట్టకు, నార లేచిపోతుంది.

మూడు వరసలు వేశాక ఆపి, దగ్గరగా ఒక ఫొటో పంపు, మేకులు కనబడేలా. నేను చూసి చెప్పాకే నాలుగో వరస వెయ్యి.

పెదనాన్న