కోడి మూలన కూచుంటే కొక్కెర తెగులేనా? కోసేముందు ఒకసారి చేత్తో తడిమి చూడండి

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. పెరట్లో కొన్ని నాటుకోళ్ళున్నాయి. ఒక పెట్ట రెండు రోజులుగా గోడ మూలన ఈకలు ఉబ్బించుకుని కూచుంటోంది. గింజలు వేస్తే లేచొస్తుంది గానీ తినడం లేదు. రెట్ట పచ్చగా ఉంది. కొక్కెర తెగులేమో, మిగతావాటికి అంటకముందే కోసుకోమని చుట్టుపక్కలవాళ్ళు అంటున్నారు. మందుల షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ ఇచ్చారు. వేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక గృహిణి

జవాబు: కోయకండమ్మా, ఆ క్యాప్సూల్ కూడా వేయకండి. ముందు ఆ పెట్టను విడదీసి వేరే గంప కింద, గాలి తగిలే నీడలో పెట్టండి. దాని నీళ్ళూ మేతా కూడా వేరుగానే ఉండాలి. ఈ పని అయ్యాకే మిగతాది చదవండి.

రెట్ట పచ్చగా ఉందని కొక్కెర అనేసుకోవద్దు. ఏ కారణంతోనైనా కోడి మేత మానేస్తే పేగుల్లో మిగిలేది పైత్యరసమే, అదే పచ్చగా బయటికొస్తుంది. కోడి తినడం లేదని మాత్రమే దాన్నిబట్టి తెలుస్తుంది, ఎందుకు తినడం లేదో తెలియదు. కొక్కెరైతే మామూలుగా ఒక్క కోడితో ఆగదు, నాలుగైదు రోజుల్లో ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి ముడుచుకుంటాయి, కొన్ని నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి పీలుస్తాయి, కొన్నింటికి మెడ మెలితిరుగుతుంది, కాళ్ళూ రెక్కలూ పడిపోతాయి. మీ వీధిలో ఇంకెవరి కోళ్ళయినా చనిపోతున్నాయేమో ఇవాళే కనుక్కోండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి, కుక్కకైనా గద్దకైనా ముందు అదే దొరుకుతుంది. అందుకే ఓపికున్నంతవరకూ గింజలకు పరుగెత్తుకొస్తుంది, నేలమీద ముక్కు ఆడిస్తుంది, చూసేవాళ్ళకు తిన్నట్టే ఉంటుంది. మీ పెట్ట చేస్తున్నదీ అదే. మూలన కూచోవడం మొదలుపెట్టిందంటే అంతకు ముందునుంచే ఒంట్లో బాగాలేదని అర్థం. పొదుగుకొచ్చిన పెట్ట కూడా ఈకలు ఉబ్బిస్తుంది, అయితే అది గూట్లో గుడ్ల మీదే ఉంటుంది, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. మీది గోడ మూలన ఉంది కాబట్టి పొదుగు కాదు.

చీకటి పడ్డాక దాన్ని చేతుల్లోకి తీసుకోండి, అప్పుడు గింజుకోదు. రొమ్ము మధ్య ఎముక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాయండి. రెండు పక్కలా కండ తగలాలి. ఎముక కత్తి అంచులా తగిలిందంటే కోడి రెండు రోజులుగా కాదు, చాలా రోజులుగా చిక్కిపోతోంది, కడుపులో నట్టలు (పురుగులు) ఉన్నాయేమో చూపించాలి. రెక్కల కిందా తోక కిందా ఈకలు విడదీసి టార్చి వేస్తే పేలుంటే కదులుతూ కనబడతాయి. తురాయి పాలిపోయి ఉంటే పేలవల్లో, నట్టలవల్లో, గూటి పగుళ్ళలో దాక్కున్న గోమార్లవల్లో రక్తం తగ్గిపోతూ ఉండొచ్చు. మెడ దిగువన మేత నిలిచే తిత్తిని రాత్రి ఒకసారి, తెల్లవారి మేత వేయకముందు ఇంకోసారి తడమండి, తెల్లారేసరికి అది ఖాళీ కావాలి, అప్పటికీ గట్టిగా ఉంటే మేత అడ్డుపడినట్టే. ఇక తోక దించుకుని పదేపదే ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందేమో, పొట్ట నొక్కకండి, లోపల గుడ్డు పగిలితే ప్రాణానికే ముప్పు, ఆ రోజే డాక్టర్ చూడాలి.

టెట్రాసైక్లిన్ ఎందుకు వద్దన్నానంటే, కొక్కెర వైరస్ జబ్బు, దానికి ఈ మందు పనిచేయదు. రెట్టలో రక్తం పడే రక్తపారుడుకు మందు వేరు, నట్టలకు వేరు. జబ్బేదో తెలియకుండా మనుషుల మాత్ర అందాజాగా వేయడం మంచిది కాదు. నీళ్ళు కూడా నోరు తెరిచి పోయకండి, నాలుక వెనకే ఊపిరి గొట్టం ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతాయి. ముక్కు పక్కన చుక్కచుక్కగా తాకిస్తే అదే మింగుతుంది.

ఇక కోసుకోవడం గురించి. బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే, కానీ ప్రమాదమంతా కోసేటప్పుడూ ఈకలు పీకేటప్పుడూ ఉంటుంది, పిల్లలేమో ఆ చుట్టే తిరుగుతుంటారు. 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది, ఆ ఏడాదే నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప దాంతో చనిపోయింది. మీ ఒక్క కోడిని చూసి బర్డ్ ఫ్లూ అనడం లేదు. కానీ ఉన్నట్టుండి వరసగా కోళ్ళు చస్తున్నా, తల వాచినా, తురాయి నీలంగా మారినా ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి, 1962కు ఫోన్ చేసినా సరే. చచ్చిన కోడిని కాలవలో పారేయకండి, లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. జబ్బు కోడిని సంతలో అమ్మేయడమైతే అస్సలు వద్దు, కొక్కెర ఒక ఊరినుంచి ఇంకో ఊరికి ఎక్కువగా అలాగే పాకుతుంది, అక్కడ కోళ్ళే ఆధారంగా బతికే ఇల్లు ఏదో ఒకటి ఉంటుంది.

మిగతావాటికి కొక్కెర టీకా వేయించారా? మీరు రాయలేదు. టీకా సీసా ఒకటి తెరిస్తే చాలా కోళ్ళకు సరిపోతుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి వీధిలో నలుగురూ కలిసి అడిగితే డాక్టర్‌కూ వీలవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించాలి, ఈ పెట్టకు ఇప్పుడొద్దు. రేపు పొద్దున్నే కొత్త రెట్టను ఫొటో తీసుకుని పెట్టతో పాటు పశువైద్యశాలకు వెళ్ళండి. మందు రాస్తే, ఆ తర్వాత ఎన్ని రోజులు దాని గుడ్లు తినకూడదో అక్కడే అడిగి తెలుసుకోండి.